హో అనని చాటింపు

నేను ఆఫీసుకొచ్చేసరికి పుంత నా కుర్చీలో కూర్చుని ఉంది.

చాపలా చుట్టుకుని, ఒక కొస పైకెత్తి, ఫ్యాను గాలికి దుమ్ము ఆరబెట్టుకుంటోంది. బండి చక్రాల గాడులు రెండూ కాళ్ళు చాపినట్టు నా బల్ల మీదికి చాపింది. ఒంటి మీద గడ్డి అక్కడక్కడ నెరిసింది. నేను వెళ్ళి ఎదుటి కుర్చీలో కూర్చుంటాను. దారికి దారివ్వడం మర్యాద.

ఎగువలంక నుంచి దిగువలంకకి రెండు గట్ల మధ్యగా పోయే మట్టిదారి ఇది. ఎవరి సొంతమూ కాదు గనక అందరి సొంతం. పుంతల సంగతే అంత. దీనికి అటు వరి, ఇటు వరి. మధ్యలో ఇవాళ మా మోటారు క్లబ్బు వారి కార్ల పందెం. అంచేత నాకు వర్రీ.

నా పేరు తాతబ్బాయి. యాభై దాటాను గనక సగం తాతని. క్లబ్బులో చెప్పిన పని చేస్తాను గనక సగం అబ్బాయిని. ఉద్యోగం దారి అధికారి. పందెం జరిగే దారిలో మనుషులు నడవకుండా చూడటం నా పని. ఈ పనికి నన్ను పెట్టుకున్నది తెలివి చూసి కాదు, గొంతు చూసి. నేను ఇంట్లో ఉప్పడిగితే పక్కవీధి వాళ్ళు పట్టుకొచ్చి ఇస్తారు. మా ఆవిడ మంగతాయారు పెళ్ళైన దగ్గర్నుంచీ నాతో ఒకటే మాట అంటోంది: "కాసేపు నోరు మూసుకోండి."

"ఏం పని మీద వచ్చావు?" అని పుంతని అడుగుతాను. అడుగుతాను గానీ, బయటికొచ్చేది గుసగుస. పొద్దున్నే పుంతలో చాటింపు వెయ్యడానికి వెళ్ళిన నా గొంతు ఇంకా తిరిగి రాలేదు.

"ఆయ్, మీ గొంతు గురించేనండి," అంటుంది పుంత. "అది నా నడుం మీద నిలబడిపోయి ఎవర్నీ రానివ్వట్లేదండి."

"పందెం కదా. రానివ్వకూడదు."

"కార్లు ఎళ్ళనివ్వండి, నాకేం బాధ లేదండి. కానీ చక్రం తొక్కితే లెక్కలోకి రాదండి. రోజూ పొద్దుగూకేలోగా మనిషి పాదం పడాలండి నా మీద. ఒక్కటి పడినా చాలండి. పడకపోతే నేను పుంతని కాదండి. పొలం అయిపోతానండి."

నేను ఆలోచిస్తాను. ఇవాళ పందెంలో ఉన్నవాళ్ళెవరూ నడిచేవాళ్ళు కారు. అందరూ కారే.

"నువ్విక్కడ కూర్చున్నావుగా, మరి అక్కడేముంది?"

"తువ్వాలేసొచ్చానండి."

కిటికీలోంచి చూస్తాను. నిజమే. బస్సులో సీటు మీద వేసినట్టు, ఎగువలంక నుంచి దిగువలంక దాకా ఎర్ర తువ్వాలు పరిచి ఉంది. దానికి రెండు వైపులా ఉన్న గట్లు పట్టుబట్టలు కట్టుకున్నాయి. ఒక గట్టు బుగ్గన చుక్క కూడా పెట్టుకుంది. పొద్దుగూకగానే రెండింటికీ పెళ్ళి. ఎన్నేళ్ళుగానో ఒకదానికొకటి కనుసైగలు చేసుకుంటున్నాయి, మధ్యలో ఈ పుంతే అడ్డం. సన్నాయి మేళం వాళ్ళు అప్పుడే వచ్చి మోకాల్లోతు వరిచేలో కూర్చుని, గొడుగు కింద పకోడీలు తింటున్నారు.

"తువ్వాలు ఎంతసేపు ఆగుద్దండి?" అంటుంది పుంత. "గట్లు కలిసిపోతే నా సంగతి సరే. పేరంటాలమ్మ సంగతి చూడండి."

పేరంటాలు ఇల్లు దిగువలంక కొసన ఉంటుంది. ఆవిడ గుమ్మం పుంతలోకే తెరుచుకుంటుంది, వేరే వాకిలి లేదు. గట్లు కలిస్తే ఆ ఇంటికి బయట అన్నది ఉండదు. తలుపు తీస్తే వెనకాల ఇంకో తలుపు ఉంటుంది. అది తీస్తే ఇంకోటి.

ఫోను మోగుతుంది. మా క్లబ్బు ప్రెసిడెంటు ముత్యాలరావు గారు.

"ఏవయ్యా తాతబ్బాయ్! ఇక్కడ పందెం కదలట్లేదు. ఉన్నపళాన రా!"

నేను లేస్తాను. పుంత లేవదు.

"మొయ్యండి," అంటుంది. "నేనెంతమందిని మోశానో."

దాన్ని భుజాన వేసుకుని బయల్దేరతాను. దారి నా భుజం మీదే ఉంది గనక దారి తప్పే ప్రసక్తి లేదు.

ఎగువలంక దగ్గర తువ్వాలు అంచున కార్లు బారులు తీరి ఉన్నాయి. బానెట్ల మీద బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. డ్రైవర్లు నిలబడే ఇడ్లీలు తింటున్నారు. బ్రేక్‌ఫాస్ట్ అనే మాటలో బ్రేకూ ఉంది, ఫాస్టూ ఉంది గనక వీళ్ళకి తిండి కూడా పందెమే. గేర్లు మారుస్తారు గానీ గీర మార్చరు. అందరిలోకీ ముందున్న ఎర్రకారు వేగేశ్న నరసరాజు గారిది. ఇంటిపేరులోనే వేగం ఉంది గనక ఆయనకి స్పీడోమీటరు పెట్టలేదు, ఆయన్నే అడుగుతారు.

"ఎదురు రాలేదండి," అంటారు నరసరాజు గారు, ఇడ్లీ మింగి. "ఎదురు లేకుండా నేను క్లచ్చి మీంచి కాలు తియ్యనండి. మా నాన్నగారు తియ్యలేదు, మా తాతగారి ఎడ్లు కూడా తియ్యలేదండి."

మా వైపు ఏ పనికి బయల్దేరినా నిండుబిందెతో ముత్తైదువ ఎదురు రావాలి. సైకిలెక్కేవాడికే రావాలంటే, కారెక్కేవాడి సంగతి చెప్పాలా? అందుకని పందెం కమిటీ వారు ముందే కూర్చుని, పేరే పేరంటాలు గదా అని ఆవిడ్ని మాట్లాడారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఎదురంటే నాలుగడుగుల ఎదురేమిటి, పూర్తిగా ఎదురుండాలని తీర్మానించి, ఆవిణ్ణి పుంతకి అవతలి కొసన నిలబెట్టారు. ఆవిడ అక్కడినుంచి పుంతలో నడిచి రావాలి. పుంతలో నడవకూడదని నేను చాటింపు వేశాను.

"ఆవిడ రాకపోతే పందెం మొదలవదు," అంటారు ముత్యాలరావు గారు, వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ. "పందెం అయితే గానీ నీ గొంతు దారి వదలదు. నీ గొంతు వదిలితే గానీ ఆవిడ రాదు. మూడు వేళ్ళూ ముడిచాను. ఇప్పుడు తెరవడం ఎలాగయ్యా?"

నిజంగానే ఆయన వేళ్ళు తెరుచుకోవడం లేదు.

"తప్పు దారిదండి," అంటాను గుసగుసగా. "అందుకే దారి తప్పు అంటారు."

భుజం మీంచి పుంత నన్ను గాడితో ఒక్క పోటు పొడుస్తుంది.

తువ్వాలు మధ్యలో నా గొంతు నిలబడి ఉంది. ఖాకీ బట్టలు, చేతిలో కర్ర, నాకన్నా పెద్ద పొట్ట. మీసం మాత్రం నాదే. పొద్దుటినుంచీ ఒకటే మాట అరుస్తోంది:

"ఎవరూ పుంతలో అడుగు పెట్టరాదు! ఎవరూ పుంతలో అడుగు పెట్టరాదు!"

"ఒరేయ్, నేనురా," అంటాను అంచున నిలబడి.

"ఎవరైనా సరే!"

"తాతబ్బాయినిరా."

"తాతలైనా సరే, అబ్బాయిలైనా సరే!"

ఇది అచ్చం నా గొంతే. నేనన్నా ఇంతే అనేవాణ్ణి. మంగతాయారు ఇన్నాళ్ళూ దేనితో కాపురం చేసిందో ఇప్పుడు తెలుస్తోంది.

నరసరాజు గారు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంటారు. "తాతబ్బాయి గారూ, ఒక్క మాట అడుగుతానండి, ఏమనుకోకండి. చాటింపు చివర హో అన్నారాండి?"

ఇంజన్లన్నీ ఆగిపోతాయి. సన్నాయి వాడు పకోడీ నోటిదాకా తెచ్చి ఆపుతాడు.

మా వైపు ఏ చాటింపైనా చివర "హో" అంటేనే అయిపోయినట్టు. రథం వస్తోందన్నా, కాలవ కట్టేస్తున్నారన్నా, గేదె తప్పిపోయిందన్నా, చివర హో. ఆ మాటతో చాటింపు కూర్చుంటుంది, ఊరు లేస్తుంది, ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఇది ఉయ్యాల్లో పిల్లలకి కూడా తెలుసు.

"మోటారు పందెం గదాని," అంటాను, "కొంచెం మోడరన్‌గా ఉంటుందని, చివర థాంక్యూ అన్నానండి."

"థాంక్యూ అంటే ఆగుద్దాండీ?" నరసరాజు గారు తల పట్టుకుంటారు. "వెల్కమ్ అనుకుని మళ్ళీ మొదలెడుద్దండి!"

"ఇంకెవరైనా హో అనండయ్యా!" అంటారు ముత్యాలరావు గారు.

ఎవరూ అనరు. చాటింపుని తెరిచిన నోరే మూయాలి. ఇంకొకరు అంటే అది ఇంకొక చాటింపుకి మూత అవుతుంది గానీ దీనికి పట్టదు. ఈ విషయం ప్రెసిడెంటు గారికీ తెలుసు. ఆయన ఊరికే అన్నారు.

నేను ఊపిరి బిగబట్టి "హో" అంటాను. అది పెదవుల మీంచి జారి, బూరుగు దూదిలా తేలి, నా చెప్పు పక్కన పడుతుంది. ఒక చీమ వచ్చి అటూ ఇటూ చూసి దాన్ని ఎత్తుకుపోతుంది.

మళ్ళీ మళ్ళీ అంటూండగానే సాయంత్రమవుతుంది. సూర్యుడు కరెంటు స్తంభానికి మోచెయ్యి ఆనించి, ఇంక వెళ్ళనా అన్నట్టు చూస్తున్నాడు. సన్నాయి వాడు వాయించడానికి పీకె తడుపుకుంటున్నాడు. గట్లు రెండూ సిగ్గుపడుతూనే తలో అడుగూ ముందుకేస్తాయి. తువ్వాలు రుమాలంత వెడల్పవుతుంది. నా భుజం మీద బరువు తగ్గుతుంది.

"ఏమైంది?" అంటాను.

"ఏం లేదండి," అంటుంది పుంత, నన్ను కంగారు పెట్టడం ఇష్టం లేనట్టు. "కొంచెం పొలమవుతన్నానండి."

చూస్తే నా చెవి పక్కన దాని ఒంట్లోంచి వరిమొక్క ఒకటి మొలిచి ఉంది. పచ్చగా, లేతగా, చాలా అందంగా ఉంది.

పుంతని దించి నేల మీద నిలబెడతాను. చాప చుట్టలా చుట్టుకుంది గదా, మధ్యలో బొక్క. వంగి అందులోకి చూస్తాను. దిగువలంక కొస లోపల అడుగున ఉంది. అక్కడ పేరంటాలు నడుమున బిందె పెట్టుకుని, కుడికాలు గాల్లోకి ఎత్తి నిలబడి ఉంది.

"పేరంటాలమ్మా!"

"ఎవరూ, తాతబ్బాయి బాబేనా? ఎంతసేపండీ ఈ కాలెత్తుకుని నిలబడతం? దించుదునా, మానుదునా?"

"కాస్త ఆగమ్మా."

"ఆగమని పొద్దున్నుంచీ మీ గొంతు చెప్తానే ఉంది. మళ్ళీ మీరోటా? కాలు దించబోతే చాలు కేకేత్తంది. ఆ కేకకి బిందెలో నీళ్ళు పెరుగై కూర్చుంటన్నాయి. ఇది మూడో బిందండి. రెండు బిందెల పెరుగు ఏం చేసుకోవాలండి నేను?"

"ఆవడలు వెయ్యవచ్చు," అంటాను. ఎంత కష్టంలోనైనా నాకు తిండి మాట వస్తుంది.

"ఆవడలు తరవాతండి, ఆవిడలు ఇక్కడ కాళ్ళు పీకి చత్తన్నారు. వెనక్కి తిరిగి చూత్తే మా ఇంటి తలుపు వెనకాల ఇంకో తలుపు మొలిచింది బాబూ. పొయ్యి మీద పాలెట్టి వచ్చాను. ఏదో ఒకటి చెయ్యండి."

"గొంతు లేదమ్మా. హో అంటే వినపడటం లేదు."

పేరంటాలు అంత దూరంనుంచి నన్ను ఎగాదిగా చూస్తుంది.

"చేతిలో అంత బూర పెట్టుకుని, బూరెల కోసం చూసేవోడిలా ఆ మొహం ఏటండీ? ఊదండి!"

నేను పుంతని చూస్తాను. పుంత నన్ను చూస్తుంది.

"చక్కిలిగిలి నాకు," అంటుంది. "అయినా కానివ్వండి."

పుంత కొసకి పెదవులు ఆనించి, కళ్ళు మూసుకుని, హో అంటాను.

మొదట ఏమీ లేదు. తరవాత నా గుసగుస లోపల ఒక మలుపు తిరిగి, అక్కడ పడి ఉన్న ఎద్దుల మువ్వల్ని ఎత్తుకుంటుంది. ఇంకో మలుపులో పెళ్ళి పల్లకీ మోసేవాళ్ళ ఓహోంలు ఎత్తుకుంటుంది. కోతలకి పోయే ఆడవాళ్ళ నవ్వులు, పాడె మోసేవాళ్ళ పాదాలు, తడిబట్టలతో వచ్చే భక్తుల గోవిందలు, ఎవడో తాగి తనతో తనే పెట్టుకున్న తగువు, ఇన్నాళ్ళూ పుంత మీద నడిచినవన్నీ ఒక్కొక్కటే ఎత్తుకుని, అవతలి కొసనుంచి బయటికొచ్చేసరికి అది ఊరంత ఉంది.

"హో!"

నా గొంతు "ఎవరూ పుంతలో అడు" దగ్గర ఆగిపోతుంది. కర్ర కింద పెడుతుంది. తువ్వాలు మొత్తం ఆ కొసనుంచి ఈ కొస దాకా లాగి మొహం తుడుచుకుంటుంది. "అమ్మయ్య," అని గుసగుసగా అని, పేరంటాలు నడుమునున్న బిందెలోకి దిగి కూర్చుంటుంది.

పేరంటాలు కాలు దిగుతుంది.

ఆ పాదం పడగానే నా చేతిలోని పుంత ఒక్క ఉదుటున విప్పుకుంటుంది. గట్లు గబగబా వెనక్కి జరిగి, చుక్క తుడుచుకుని, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా నిలబడతాయి. సన్నాయి వాళ్ళు వాయించకుండా వెళ్ళేది లేదంటారు. మొదలెడతారు. పేరంటాలు పాతచీర కొంగు బొడ్లో దోపుకుని, పెరుగు కాని నీళ్ళ బిందెతో, తన పుంతలో తను నడిచి వస్తుంది.

"వచ్చేసిందయ్యా ఎదురు!" ముత్యాలరావు గారి వేళ్ళు మూడూ తెరుచుకుంటాయి. "ఆవిడ ఆ గీత దాటగానే జెండా ఊపండి!"

కానీ పుంత సంతోషం పట్టలేక ఒళ్ళు విరుచుకుంటోంది. పేరంటాలు ఎంత నడిస్తే అంత పొడవవుతోంది. ఆవిడ ఎంత దగ్గరికొచ్చినా ఇంకా కాస్త దూరం మిగులుతుంది. హారన్ కొట్టడానికి లేదు. నడిచే మనిషిదే మొదటి హక్కు, అందులోనూ ఎదురొచ్చే మనిషి.

"వెనక్కి తియ్యండర్రా," అంటారు నరసరాజు గారు. "ముత్తైదువకి దారివ్వండి."

కార్లన్నీ రివర్సు గేరులో పడతాయి. ఆవిడ ముందుకి ఒకడుగు, కార్లు వెనక్కి ఒక పరుగు. ముత్యాలరావు గారు మైకు అందుకుంటారు: "వేగేశ్న నరసరాజు గారు అద్భుతంగా వెనకబడుతున్నారు! నీలం కారు కూడా బాగా వెనకబడాలని చూస్తోంది గానీ, ఆయన వెనకబాటు ముందు ఇదెంత!" జనం గట్ల మీద నిలబడి ఈలలు వేస్తారు. ఇంత మంచి పందెం మా క్లబ్బు ఎప్పుడూ జరపలేదు.

అవి ఎటు వెనక్కి వస్తున్నాయా అని నేను చూస్తాను. నా వైపే. ఆలోచిస్తే అంతే కావాలి. పుంత కొసకి నోరు పెట్టి ఊదింది నేనే. అది ఎక్కణ్ణుంచి విప్పుకుందో అక్కడే దాని మొదలు. అంటే నా కింది పెదవి దగ్గర.

"కొంచెం పెద్దది చెయ్యండి తాతబ్బాయి గారూ," అంటారు నరసరాజు గారు, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతూ.

నోరు తెరుస్తాను. ఎర్రకారు ఎక్కడా రాసుకోకుండా పళ్ళ మధ్యగా లోపలికి వెళ్తుంది. దాని వెనకే నీలం కారు, పచ్చ కారు. నాలుక మీద బంతిపూల వాసన, కొంచెం పెట్రోలు ఘాటు. నిమ్మకాయలు కూడా వచ్చినట్టున్నాయి, నోరూరుతోంది. చివర పేరంటాలు వచ్చి నా గడ్డం దగ్గర ఆగుతుంది.

"కాస్త వంగండి బాబూ. బిందె తొణుకుద్ది."

వంగుతాను. ఆవిడ పాదం చల్లగా ఉంది. నడుచుకుంటూ లోపలికి పోతుంది. కొండనాలుక కింద బిందె దించి, నా గొంతుని అందులోంచి తీసి, ఉండాల్సిన చోట నిలబెడుతుంది.

సూర్యుడు స్తంభం మీంచి మోచెయ్యి తీసి వెళ్ళిపోతాడు.

"గెలిచిందెవరో చెప్పవయ్యా తాతబ్బాయ్!" ముత్యాలరావు గారు మైకు నా మూతి దగ్గర పెడతారు. "ఇప్పుడు గొంతుందిగా! దుమ్ము లేచిపోవాలి!"

గొంతు ఉంది. బిందెడు నీళ్ళూ తాగి నిండుగా, పొద్దుటి కన్నా లావుగా ఉంది. కానీ అది లోపల నిలబడి, రెండు చేతులూ చాపి, కార్లని ఆపుతోంది. పేరంటాలు ఇంకా దాటలేదు.

నేను నోరు తెరిచే ఉంచుతాను. దవడలు నొప్పెడుతున్నాయి. కింది పళ్ళ వరసా, పై పళ్ళ వరసా ఇందాకటి గట్లలాగే ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ముందు పన్ను మీద చిన్న చుక్క ఉన్నట్టు నాలుకకి తగులుతోంది. చేలో సన్నాయి వాడు మళ్ళీ పీకె తడుపుతున్నాడు.

జనంలోంచి మంగతాయారు వస్తోంది. చేతిలో రాత్రి భోజనం క్యారేజీ. నా ముందు నిలబడి, చీరకొంగుతో నా నుదురు తుడిచి, లోపలికి తొంగి చూస్తుంది. లోపల వరసగా హెడ్‌లైట్లు. వాటి వెలుగులో పళ్ళు కట్టుకున్న పట్టుబట్టల అంచులు మెరుస్తున్నాయి. ఆవిడకి అంతా అర్థమవుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి అంటుంది:

"మూయకండి."

కింది పెదవి దగ్గర చెప్పులు విప్పుతుంది. కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, నా భుజం ఆసరా చేసుకుని, పుంతలోకి ఎక్కుతుంది. పుంతకి కావలసిన రేపటి అడుగు రేపు ఎలాగూ వేస్తుంది, ఇవాళ ఊరికే చూసి వద్దామని. ఎదురుగా ఖాళీ బిందెతో పేరంటాలు వస్తోంది. నా నాలుక మధ్యలో ఇద్దరూ ఆగుతారు. దారి ఇరుకు. మీరు ముందంటే మీరు ముందని ఒకరికొకరు పక్కకి జరుగుతారు.

"పాలు పొంగిపోయుంటాయండి," అంటుంది పేరంటాలు.

"పెరుగుందటగా, రెండు బిందెలు," అంటుంది మంగతాయారు.

ఇంక మాటల్లో పడతారు. వెనక కార్లన్నీ ఒక్కొక్కటే లైట్లు ఆర్పేస్తాయి. ఎవరూ హారన్ కొట్టరు.